ఏ గదికి ఏ స్విచ్చి?

సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం కాసేపు ఆలోచనలో పడ్డాం. కవితలు రాసేవాళ్లు మన బ్యాచీల్లో చాలామంది ఉన్నారు. వార్డెన్ గార్ల గురించి, వంటమాస్టరు చేతి పప్పుచారు గురించి రాసేవాళ్లు అంతకంటే ఎక్కువమంది. మాకు చేతనైంది బోర్డుల పని ఒక్కటే. అందుకని ఆ పని గురించే రాస్తున్నాం. చదివేవాళ్లలో పదో తరగతి తమ్ముళ్లు ఉంటారు, పాలిటెక్నిక్‌లో, ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లూ ఉంటారు. ఎక్కడైనా కొరుకుడు పడకపోతే ఆ పేరా దాటేసి ముందుకు వెళ్లండి. ఇది స్టడీ అవర్ కాదు, ఎవరూ నిలబెట్టి అడగరు.

మాది 1996–99 బ్యాచి. ముగ్గురిదీ ఒకే డార్మెటరీ, పక్కపక్క ట్రంకు పెట్టెలు, తెలుగు మీడియం. ఇప్పుడు బెంగళూరులో ఒకే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాం. బోర్డుల మీద లినక్స్ నడిపించడం మా పని. ఊళ్లో అడిగితే ‘కంప్యూటర్ పని’ అని చెప్పి ఊరుకుంటాం. అంతకుమించి చెప్పబోతే మా ఇంట్లోవాళ్లే లేచి వెళ్లిపోతారు.

బస్సు కండక్టరు చేతిలో టికెట్టు మిషను ఉంటుంది చూశారా, దాని లోపల కూడా ఒక కంప్యూటరే ఉంది. అది సినిమా చూపించదు, ఉత్తరాలు టైపు చేయదు. టికెట్టు కొట్టడమే దాని పని. ఇలా ఒకే పని కోసం ఒక యంత్రం కడుపులో కూర్చోబెట్టిన కంప్యూటరును ఎంబెడెడ్ సిస్టమ్ అంటారు. 2022లో మా చేతికి అలాంటిదే ఒక పాల మిషను వచ్చింది. పాల కేంద్రంలో వాడేది. పాలు పోసేవాళ్లు తెచ్చిన కార్డు మీది క్యూఆర్ కోడును కెమెరాతో చదవాలి. తూకం, వెన్న శాతం పక్కనున్న యంత్రాల నుంచి తీసుకోవాలి. చిన్న తెర మీద చూపించి చీటీ ముద్రించాలి. ఇదంతా బ్యాటరీ మీద జరగాలి, ఎందుకంటే తెల్లవారుజామున ఐదింటికి పల్లెలో కరెంటు ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేరు.

మాలో ఒకడి అమ్మ ఒక్క గేదె మీద పాలు పోసి వాణ్ణి ఇంటర్ చదివించింది. చీటీ రాకపోతే ఆ పూట పాలు లెక్కలోకి రావని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఈ మిషను దగ్గర మేము ముగ్గురం మామూలు కంటే ఎక్కువ పట్టుదలగా ఉన్నాం.

వచ్చిన చిక్కు బ్యాటరీతోనే. పొద్దున పూట బాగానే నడిచేది. సాయంత్రం పాలు పోసే వేళకు చచ్చిపోయేది. బోర్డు మేము తయారు చేసింది కాదు, ఒక సరఫరాదారు దగ్గర కొన్నది. పేరెందుకులెండి. దాని మీది చిప్పు ఎన్‌ఎక్స్‌పీ వారి ఐ.ఎమ్‌ఎక్స్ 8ఎమ్ మినీ. చిప్పులో లోపమేమీ లేదు. లోపం బోర్డుతో పాటు వచ్చిన ఒక ఫైలులో ఉంది. ఆ ఫైలు సంగతి చెప్పాలంటే ముందు చిప్పు లోపలి గదుల సంగతి చెప్పాలి.

వేలిగోరంత చిప్పులో ప్రాసెసరు ఒక్కటే ఉండదు. తెరను నడిపే భాగం, కెమెరా బొమ్మను తీసుకునే భాగం, వీడియో విప్పే భాగం, బొమ్మలు గీసే జీపీయూ, యూఎస్‌బీ, ఇంకా చాలా ఉంటాయి. అన్నీ కరెంటు తాగేవే. పని లేనప్పుడు ఒక భాగానికి వెళ్లే గడియారాన్ని ఆపేయవచ్చు. గడియారం అంటే గోడ గడియారం కాదు. సెకనుకు కోట్లసార్లు కొట్టే తాళం, దాని లయ మీదే లోపలి పని సాగుతుంది. తాళం ఆగితే పని ఆగుతుంది, ఆ మేరకు కరెంటు మిగులుతుంది. కానీ పూర్తిగా మిగలదు. మన హాస్టల్ తొట్టి కుళాయి ఎంత గట్టిగా తిప్పినా చుక్కచుక్కా కారేది గుర్తుందా? చిప్పులోని కోట్ల ట్రాన్సిస్టర్లూ అంతే. పని చేయకపోయినా కరెంటు కారుతూ ఉంటుంది. దాన్ని లీకేజీ అంటారు. కారుడు ఆగాలంటే కుళాయి దగ్గర కాదు, వెనక గేటువాల్వు దగ్గర కట్టేయాలి. అందుకని చిప్పు తయారుచేసేవాళ్లు కొన్ని భాగాలను కలిపి ఒక గదిగా చేసి, ఆ గది మొత్తానికి లోపలే ఒక స్విచ్చి పెడతారు. ఆ గదినే పవర్ డొమైన్ అంటారు.

మాకు ఇది మొదటిసారి అర్థమైంది ఇంగ్లీషు పుస్తకంలో కాదు, మన హాస్టల్ వరండాలోనే. రెండు డార్మెటరీలు, ఒక స్టడీ హాలు, వంటగది. మెయిన్ ఆఫీసు గది పక్కన చెక్కపెట్టెలో ఉండేది. డార్మెటరీ స్విచ్చి గుమ్మం పక్కన ఉండేది. ఆఖరున బయటికి వచ్చినవాడు లైటు ఆర్పాలని రూలు. మొదట లోపలికి వెళ్లినవాడు వెయ్యాలి. మధ్యలో వచ్చిపోయేవాళ్లు ముట్టుకోకూడదు. అంటే స్విచ్చి దగ్గర ఎవరో ఒకరు లోపలున్నవాళ్ల లెక్క పెట్టుకోవాలి, లెక్క సున్నా అయితేనే ఆర్పాలి. లినక్స్ కెర్నెల్‌లో సరిగ్గా ఈ పని చేసే భాగం ఉంది. రఫాయెల్ వైసాకీ అనే కెర్నెల్ డెవలపర్ రాసిన ఆ కోడు 2011లో 3.1 వెర్షనుతో వచ్చింది. దాన్ని ముద్దుగా జెన్‌పీడీ అంటారు. మేము వాచ్‌మన్ తాత అంటాం. మెయిన్ వేయకుండా గది స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదన్న సంగతి కూడా తాతకు తెలుసు. గది లోపల గది ఉంటే ముందు బయటిది వేస్తాడు, తర్వాత లోపలిది. ఆర్పేటప్పుడు ముందు లోపలిది, తర్వాత బయటిది.

మా చిప్పులో ఇలాంటి గదులు చాలానే ఉన్నాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ గది హెచ్‌ఎస్‌ఐఓ మిక్స్ అనే పెద్ద గది లోపల ఉంటుంది. జీపీయూది ఒక పెద్ద గది, అందులో ఇంకో గది. వీడియో విప్పేవాటిది, మూసేదానిది ఒక పెద్ద గదిలో మూడు చిన్న గదులు. తెరకు డిస్‌ప్లే మిక్స్ అని ఒకటి. కథకు కావలసింది ఈ ఆఖరిదే, గుర్తు పెట్టుకోండి.

అయితే వాచ్‌మన్ తాతకు ఏ గదిలో ఎవరుంటారో ఎలా తెలుస్తుంది? చిప్పు తనంతట తాను చెప్పదు. ఇంట్లో కంప్యూటరుకు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే ‘నేను కీబోర్డును’ అని అది చెప్పుకుంటుంది. చిప్పు లోపలి భాగాలకు ఆ అలవాటు లేదు. ఫలానా చిరునామాలో తెర భాగం ఉంది, దానికి తాళం ఇక్కడి నుంచి వస్తుంది, దాని గది స్విచ్చి అక్కడ ఉంది అని మనమే రాసి ఇవ్వాలి. అలా రాసి ఇచ్చే ఫైలు పేరు డివైస్ ట్రీ. చెట్టు కొమ్మల్లాగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఒక్కొక్క కొమ్మను నోడు అంటారు. మామూలు టెక్స్టు ఫైలే, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. డీటీసీ అనే చిన్న కంపైలరు దాన్ని యంత్రం చదివే రూపంలోకి మారుస్తుంది. బోర్డు లేచేటప్పుడు బూట్‌లోడరు దాన్ని కెర్నెల్ చేతిలో పెడుతుంది.

ఈ పద్ధతి ఈ మధ్య పుట్టింది కాదు. సన్, ఆపిల్ కంపెనీల యంత్రాల్లో ఉన్న ఓపెన్ ఫర్మ్‌వేర్ నుంచి వచ్చింది. దానికి 1994లోనే ఐఈఈఈ 1275 అనే ప్రమాణం ఉంది. ఆర్మ్ చిప్పుల వైపు మాత్రం చాలాకాలం ఒక్కో బోర్డుకు ఒక్కో సీ ప్రోగ్రాము రాసి కెర్నెల్‌లో కుక్కేవాళ్లు. బోర్డులు పెరిగేకొద్దీ ఆ కుప్ప పెరిగింది. 2011లో లినస్ టోర్వాల్డ్స్ గట్టిగా కోప్పడ్డాక ఆర్మ్ వాళ్లు కూడా డివైస్ ట్రీకి మారారు. పవర్ డొమైన్లను ఆ చెట్టులో అందరూ ఒకే తీరున రాయడానికి 2014 చివర్లో వచ్చిన 3.18 వెర్షనులో ఏర్పాటు జరిగింది.

రాసే తీరు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. గది స్విచ్చి ఎవరి చేతిలో ఉందో ఆ నోడులో హ్యాష్ గుర్తు పెట్టి ‘పవర్-డొమైన్-సెల్స్’ అని రాసి ఒక అంకె వేస్తారు. సున్నా వేస్తే ఆ నోడుకు ఒకటే గది ఉంది, వేరే నంబరు చెప్పక్కర్లేదు అని అర్థం. ఒకటి వేస్తే చాలా గదులున్నాయి, నంబరు చెప్పి అడగాలి అని అర్థం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కే3 చిప్పుల్లో రెండు వేస్తారు. మొదటి నంబరు ఎవరిదో చెబుతుంది. అది తన ఒక్కదానికేనా, ఇంకొకరితో పంచుకుంటుందా అన్నది రెండోది చెబుతుంది. ఆ రెండో అంకె మాకు భలే నచ్చింది. ఒక్క దుప్పటి ఇద్దరం కప్పుకున్న రోజుల్లో మాకూ అలాంటిది ఉంటే కొట్లాటలు తగ్గేవి.

ఇక గదిలో ఉండేవాడి నోడులో ‘పవర్-డొమైన్స్’ అని ఒక లైను రాసి, ఫలానా స్విచ్చి, ఫలానా నంబరు అని చూపిస్తారు. అంతే. ఆ ఒక్క లైనుతో వాచ్‌మన్ తాత లెక్కలోకి వాడు ఎక్కుతాడు. గది లోపల గది ఉంటే లోపలి గది నోడులోనే మళ్లీ ‘పవర్-డొమైన్స్’ అని రాసి బయటి గదిని చూపిస్తారు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒకదాన్ని ఇంకొకటనుకుంటారు. బోర్డు మీద చిప్పు బయట ఇంకో చిప్పు ఉండి, రకరకాల వోల్టేజీలు తయారుచేసి పంపుతుంది. వాటిని రెగ్యులేటర్లు అంటారు. డివైస్ ట్రీలో వాటికి ‘సప్లై’ అన్న మాటతో ముగిసే వేరే లైన్లు ఉన్నాయి. రెగ్యులేటరు వీధిలో ట్రాన్స్‌ఫార్మరు లాంటిది. పవర్ డొమైను గోడలోని స్విచ్చి. ట్రాన్స్‌ఫార్మరు పనిచేస్తున్నా గదిలో చీకటి ఉండవచ్చు.

ఇప్పుడు పాల మిషను దగ్గరికి వద్దాం. సరఫరాదారు ఇచ్చిన మొదటి ఫైలు తెరిచి చూస్తే గదులన్నీ రాసి ఉన్నాయి, కానీ గదుల్లో మనుషుల్లేరు. తెర, కెమెరా, వీడియో, వేటికీ ‘పవర్-డొమైన్స్’ లైను లేదు. మరి అవన్నీ ఎలా పనిచేస్తున్నాయి? బూట్‌లోడరు లేస్తూనే అన్ని స్విచ్చీలూ వేసి వెళ్లిపోతోంది. మామూలుగా అయితే కెర్నెల్ పూర్తిగా లేచాక వాచ్‌మన్ తాత ఒక చుట్టు తిరిగి, లెక్కలో ఎవరూ లేని గదులన్నీ ఆర్పేస్తాడు. ఆ చుట్టు తిరగవద్దని చెప్పే మాట ఒకటి ఉంది: పీడీ_ఇగ్నోర్_అన్‌యూజ్డ్. కెర్నెల్‌కు ఇచ్చే మాటల వరసలో దాన్ని కలిపేశారు. బోర్డును మొదట లేపేటప్పుడు, ఏది ఎక్కడుందో వెతుక్కునేటప్పుడు పనికొచ్చే మాటే అది. అమ్మే సరుకులో మిగిలిపోతే మాత్రం రాత్రంతా హాస్టల్లో అన్ని లైట్లూ వెలుగుతున్నట్టు. బ్యాటరీ సాయంత్రానికి చచ్చిందంటే చావదా మరి?

మేము గొడవ పెడితే రెండో ఫైలు పంపారు. ఆ మాట తీసేశారు, తెరకు, జీపీయూకు, వీడియోకు లైన్లు చేర్చారు. బ్యాటరీ రెండు పూటలా నిలిచింది. మా మేనేజరుకు సంతోషం. నాలుగు మిషన్లు ఒక పల్లెకు పరీక్షకు పంపాం.

మూడో రోజే ఫోన్ వచ్చింది. మిషను బిగుసుకుపోతోంది. ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు. కార్డు చూపించగానే తెర నల్లగా ఉండిపోతుంది, ఏ బటనూ పలకదు. కాసేపటికి వాచ్‌డాగ్ అనే కాపలా టైమరు దాన్ని మళ్లీ మొదటినుంచి లేపుతుంది. అలా లేచేసరికి అప్పటిదాకా పోసిన ఆవిడ చీటీ పోతుంది, వెనక వరసలో బిందెలు పట్టుకున్నవాళ్లు గొణుగుతారు. సీరియల్ తీగ తగిలించి చూశాం. చివరి మాట మామూలు మాటే, ఆ తర్వాత నిశ్శబ్దం. ఏదైనా తప్పు జరిగితే కెర్నెల్ పెద్దగా అరిచి, ఎక్కడ జరిగిందో చెప్పి చస్తుంది. ఇది అరవలేదు. మా పనిలో అరవకుండా చచ్చేవే కష్టం.

కెమెరా తీగ మార్చాం. వోల్టేజీలు కొలిచాం. కెమెరా డ్రైవరు మొత్తం చదివాం. నాలుగు రోజులు గడిచాయి. అప్పుడు మాలో ఒకడు అన్నాడు: “తెర వెలుగుతున్నప్పుడు కార్డు చూపిస్తే ఒక్కసారి కూడా ఆగలేదురా. తెర ఆరి ఉన్నప్పుడే ఆగుతోంది.”

కెర్నెల్‌లో పీఎం_జెన్‌పీడీ_సమ్మరీ అని ఒక పట్టిక చూసుకునే వీలుంది. ఏ గది వెలుగుతోంది, ఏది ఆరింది, ఏ గదిలో ఎవరెవరున్నారు అన్నీ అందులో కనబడతాయి. వాచ్‌మన్ తాత హాజరు పట్టీ అన్నమాట. డిస్‌ప్లే మిక్స్ కింద తెర భాగాలు ఉన్నాయి. కెమెరా లేదు. ఇంకే గదిలోనూ లేదు. చిప్పు మాన్యువల్ వేల పేజీల పుస్తకం, అందులో వెతికితే తేలిందేమంటే కెమెరా బొమ్మను మెమరీకి చేర్చే సీఎస్‌ఐ బ్రిడ్జి కూడా ఉండేది ఆ డిస్‌ప్లే మిక్స్ గదిలోనే. తెర, కెమెరా ఒకే గదిలో ఉన్నాయి. పట్టీలో తెర పేరే ఉంది.

మన హాస్టల్లో ఒక సంవత్సరం మధ్యలో చేరిన పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఏవో కాగితాలు రావాలట, హాజరు పట్టీలో పేరు ఇంకా ఎక్కలేదు. మా డార్మెటరీలో మా పక్కనే చాప వేసుకునేవాడు, మా లైటు కింద చదువుకునేవాడు, మా పళ్లేల్లోంచి తినేవాడు. ఎవరికీ ఇబ్బంది లేదు. సంక్రాంతి సెలవులకు అందరం ఇళ్లకు బయలుదేరాం. వాడికి ఆ పూట వెళ్లడానికి బస్సు చార్జీలు లేవు, వాళ్ల మామ మర్నాడు వచ్చి తీసుకెళ్తానన్నాడట. సాయంత్రం పట్టీ చూసుకుని, అందరూ వెళ్లారని లెక్క సరిపోయాక మెయిన్ ఆపి గేటుకు తాళం వేశారు. వాడు ఆ రాత్రంతా చీకట్లో ఒక్కడే ఉన్నాడు. సెలవుల తర్వాత వచ్చి మాకు చెప్పాడు. అరిచావా అని అడిగితే, ఎవరిని పిలవాలో తెలియలేదన్నాడు. తాళం వేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల చేతిలో ఉన్న పట్టీ ప్రకారం హాస్టల్లో ఎవరూ లేరు.

కెమెరా పరిస్థితి అచ్చం అదే. తెర వెలుగుతున్నంతసేపు దాని వెలుతురులో పని చేసుకుంటోంది. బ్యాటరీ మిగల్చడానికి తెర ఆరగానే, లెక్క సున్నా అయింది కదా అని తాత గది ఆర్పేస్తున్నాడు. తర్వాత ఎవరో కార్డు చూపిస్తారు. ప్రాసెసరు వెళ్లి సీఎస్‌ఐ బ్రిడ్జి రిజిస్టరును చదవబోతుంది. చిప్పులో రిజిస్టరు అంటే హాజరు పట్టీ కాదు, అంకె పెట్టుకునే చిన్న అర. ఆరిపోయిన గదిలో ఆ అరకు జవాబిచ్చే దిక్కు లేదు. ప్రాసెసరు అడిగింది అడిగినట్టే జవాబు కోసం నిలబడిపోతుంది. ఇక అరవడానికి కూడా తీరిక లేదు. అందుకే ఆ నిశ్శబ్దం.

సరఫరాదారుకు చెబితే వచ్చిన సలహా, తెర ఆర్పకండి అని. లేదంటే ఆ పాత మాటను మళ్లీ చేర్చి, లైన్లన్నీ తీసేయండి అని. మా మేనేజరు కూడా, పాపం ఆయన తొందర ఆయనది, కెమెరా డ్రైవరులోనే గది వేసేటట్టు రెండు ముక్కలు రాసేస్తే పోలేదా అన్నాడు. దీని మీద రెండు రోజులు వాదన జరిగింది. మేము ఒప్పుకోలేదు. కెమెరా డ్రైవరు ఒక్క బోర్డుది కాదు. అదే సీఎస్‌ఐ బ్రిడ్జి ఐ.ఎమ్‌ఎక్స్ 7లో కూడా ఉంది, అక్కడి గదులు వేరు. ఎవరు ఏ గదిలో ఉన్నారన్నది డ్రైవరు అభిప్రాయం కాదు, సిలికాన్‌లో గీసిన తీగ. తీగ సంగతి చెప్పాల్సిన చోటు డివైస్ ట్రీ. ఆ ఫైలును లినక్స్ ఒక్కటే చదవదు. యూ-బూట్ అనే బూట్‌లోడరు చదువుతుంది, ఫ్రీబీఎస్‌డీ చదువుతుంది. కెర్నెల్ పెద్దలు ఈ ఫైళ్లను పరిశీలించేటప్పుడు పదేపదే చెప్పే మాట ఒకటే: హార్డ్‌వేరు ఎలా ఉందో రాయండి, మీ ప్రోగ్రాముకు ఎలా కావాలో కాదు.

చివరకు పడింది రెండు లైన్లు. డిస్‌ప్లే మిక్స్ లోపల మళ్లీ చిన్న చిన్న వాటాలున్నాయి, వాటిని చూసుకునే బ్లాక్ కంట్రోల్ అనే నోడు ఒకటి ఉంది, దాని సెల్స్ అంకె ఒకటి. సీఎస్‌ఐ బ్రిడ్జికి అందులో దాని వాటా, తీగల నుంచి బొమ్మను అందుకునే మిపి సీఎస్‌ఐకి దాని వాటా చూపించాం. అప్పటినుంచి తెర ఆరి ఉన్నప్పుడు కార్డు చూపిస్తే, తాత ముందు పెద్ద గది వేస్తాడు, తర్వాత వాటా తెరుస్తాడు, కెమెరా చదువుతుంది, అయిపోగానే ఆర్పేస్తాడు. తెర వెలగనక్కర్లేదు కూడా. ఆ పల్లెలో మళ్లీ ఫోన్ రాలేదు.

ఇంత చిన్న లైను లేదని ముందే చెప్పే సాధనం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. డివైస్ ట్రీలో ప్రతి రకం నోడుకూ ఏమేం రాయాలో చెప్పే నమూనా పత్రాలుంటాయి, బైండింగ్స్ అంటారు. డీటీబీఎస్_చెక్ అనే ఆదేశం మన ఫైలును వాటితో సరిపోల్చి తప్పులు చూపిస్తుంది. తప్పుగా రాసిన లైనును పట్టుకుంటుంది. కానీ ఒక లైను తప్పనిసరి అని నమూనాలో లేకపోతే, దాన్ని రాయనందుకు ఏమీ అనదు. రాయనిదాన్ని పట్టుకోవాలంటే మాన్యువల్ ముందు పెట్టుకుని మనిషి కూర్చోవాల్సిందే.

గదులు ఆర్పడంలో ఇంకో తెలివి ఉంది, అది కూడా చెప్పేస్తాం. మన స్టడీ హాలు ట్యూబులైటు జ్ఞాపకం ఉందా? స్టార్టరు పాడై, వేస్తే ఠక్కున వెలిగేది కాదు. పదిసార్లు కొట్టుకుని కొట్టుకుని అప్పుడు వెలిగేది. ఒక్క నిమిషం బయటికి వెళ్లడానికి దాన్ని ఆర్పితే మిగతావాళ్లు తిట్టేవాళ్లు. చిప్పు గదులూ అంతే. ఆర్పడానికి కొంత సమయం, మళ్లీ వెలిగించడానికి కొంత సమయం పడుతుంది, లోపలి అంకెలను దాచిపెట్టి తిరిగి పెట్టడానికి కొంత కరెంటు ఖర్చు. కాబట్టి కనీసం ఇంతసేపు ఆరి ఉంటేనే గిట్టుబాటు అని ఒక లెక్క ఉంటుంది. ‘డొమైన్-ఐడిల్-స్టేట్స్’ అనే లైనుతో ఈ మూడూ మైక్రోసెకన్లలో రాయవచ్చు. పూర్తిగా ఆర్పకుండా, అంకెలు చెరిగిపోకుండా కొంచెం కరెంటు మాత్రం ఉంచే మధ్య స్థితి కూడా కొన్ని చిప్పుల్లో ఉంటుంది. రాత్రిపూట వరండాలో వెలిగే జీరో బల్బు అనుకోండి.

ఒకే భాగానికి రెండు మూడు గదులతో పని ఉన్న చిప్పులూ ఉన్నాయి. అప్పుడు ‘పవర్-డొమైన్-నేమ్స్’ అని ప్రతి గదికీ పేరు రాయాలి. ఒక్క గదైతే కెర్నెల్ తనే తగిలిస్తుంది. ఎక్కువైతే డ్రైవరు పేరు పెట్టి అడిగి తగిలించుకోవాలి. దీని జోలికి ఇప్పుడు పోవద్దు.

ఈ పని నేర్చుకోవాలని ఉన్న తమ్ముళ్లకు రెండు మాటలు. దీనికి పెద్ద కంపెనీ బోర్డు అక్కర్లేదు. పాతది ఒక రాస్ప్‌బెర్రీ పై దొరికితే చాలు, పాలిటెక్నిక్ ల్యాబుల్లో తరచుగా మూలన పడి ఉంటుంది. లినక్స్ నడుస్తుండగా ప్రాక్ అనే డైరెక్టరీలో డివైస్-ట్రీ అని ఉంటుంది, తెరిస్తే ఆ బోర్డు చెట్టు మొత్తం కొమ్మలు కొమ్మలుగా కనబడుతుంది. కెర్నెల్ సోర్సులో ఆ బోర్డు ఫైలు తీసి యూఎస్‌బీ నోడు చూడండి. ‘పవర్-డొమైన్స్’ లైను ఉంటుంది. అక్కడి విశేషమేమంటే స్విచ్చి కెర్నెల్ చేతిలో లేదు. వీడియోకోర్ అనే వేరే ప్రాసెసరులో నడిచే ఫర్మ్‌వేరు చేతిలో ఉంది. కెర్నెల్ మెయిల్‌బాక్సులో చీటీ వేసి ఆ గది వెయ్యమని అడుగుతుంది. తాళంచెవి వార్డెన్ గారి దగ్గర, మనం చీటీ పంపి తెప్పించుకున్నట్టు.

బోర్డు కూడా లేకపోతే కెర్నెల్ సోర్సు చాలు. డాక్యుమెంటేషన్ అనే ఫోల్డరులో డివైస్ ట్రీ, అందులో బైండింగ్స్, అందులో పవర్. అక్కడి పవర్-డొమైన్ పత్రం కొద్ది పేజీలే. ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గకండి. మేము మొదటిసారి చదివినప్పుడు ప్రొవైడర్ అన్నచోట వాచ్‌మన్ అని, కన్స్యూమర్ అన్నచోట గదిలోవాడు అని పెన్సిలుతో రాసుకుని చదివాం. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి. కావాలంటే జిరాక్సు తీసి పంపుతాం.

దసరా సెలవులకు మాలో ఇద్దరం ఊరికి వస్తున్నాం. ఒక రాస్ప్‌బెర్రీ పై, ఒక సీరియల్ తీగ తెస్తాం. తెర మాత్రం మీరే చూడండి, స్టడీ హాల్లో టీవీ ఉంటే అదే చాలు. పట్టీ తెరిచి ఏ గదిలో ఎవరున్నారో, ఏ గది ఆరి ఉందో అక్కడే చూద్దాం. ఒక లైను తీసేసి ఏమవుతుందో కూడా చూద్దాం. బోర్డు బిగుసుకుపోతే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టుకోవచ్చు.